కొల్లేటి దీపము, మెక్సికో ధర

మండవల్లి గుడివాడ, భీమవరముల నడుమ రైలుమార్గముమీద ఉన్న ఊరు. 2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లాలో ఉండి, పిమ్మట ఏలూరు జిల్లాలో చేరినది. కొల్లేటికి దక్షిణపు దిక్కున ఉన్న ఈ సీమలో చేపలచెరువునకు నీరు తోడవలెనన్న డీజిలు ఇంజను కావలెను. పట్టిన చేపను మంచుతో పేర్చి హౌరాకు పంపవలెనన్న లారీ కావలెను. కనుక లీటరు ధర పొరుగు రాష్ట్రమున ఎంత, పరదేశమున ఎంత అను లెక్క ఇక్కడివారికి పొద్దుపోని కబురు కాదు. ఈ లెక్క వేయువారు తరచు ఒక మాట అందురు: చమురుబావి ఎంత దగ్గరయైన ధర అంత తగ్గవలసినదే కదా అని. న్యాయముగా తోచు మాటే. కాని నూరేండ్ల చరిత్ర వేరొక తీరున నడచినది.

చమురు రాకపూర్వము ఈ ప్రాంతమున కదలికకు ఇంధనపు ఖర్చు లేదనియే చెప్పవచ్చును. సరస్సులో తాటిదోనె, గెడ. 1852లో గోదావరిమీద, 1855లో కృష్ణమీద ఆనకట్టలు పూర్తియైన తరువాత కాలువలలో తెరచాప, గాలి లేనపుడు గట్టువెంట తాడుపట్టి లాగు మనుష్యులు. ఇంట వెలుగునకు ఆముదము. పందొమ్మిదవ శతాబ్దము ముగియునాటికి కిరసనాయిలు వచ్చి ఆముదపు ప్రమిదను ప్రక్కకు నెట్టినది. రమారమి నాలుగు గ్యాలనులు పట్టు రేకుడబ్బాలలో అది ఊరూర దిగెడిది. నూనె అయిపోయిన పిమ్మట ఆ డబ్బా నీళ్లు మోసినది, ధాన్యము కొలిచినది, చివరకు పాకకు కప్పురేకైనది. ఆ రోజులలో మనకు మిక్కిలి దగ్గరి చమురు బర్మాది. యెనాంజావు బావులు, రంగూను చెంత సిరియం శుద్ధికర్మాగారము బర్మా ఆయిల్ కంపెనీవి. కాకినాడ, విశాఖ రేవులనుండి తెలుగువారు వేలసంఖ్యలో కూలికి రంగూను పోవుచుండిన కాలమది.

1927 సెప్టెంబరులో హిందూదేశపు బజారున కిరసనాయిలు యుద్ధము చెలరేగినది. న్యూయార్కు స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ సోవియట్ రష్యాలో చవుకగా చమురు కొని ఇక్కడ అమ్మదొడగినది. రాయల్ డచ్ షెల్ అధిపతి సర్ హెన్రీ డిటర్డింగునకు ఇది కంటిలో నలుసైనది. బాకూలో తన కంపెనీకున్న బావులను బోల్షివిక్కులు జప్తు చేసియుండిరి. కావున అది దొంగసొత్తని ఆయన వాదము. ఆయన ధర తగ్గించెను, అమెరికావారు ఇంకను తగ్గించిరి. మన చిల్లర దుకాణదారునకు బాకూ పేరైన తెలిసియుండదు. అయినను, ఏనుగులు పోరాడినచో గడ్డి నలుగునని సామెత ఉన్నను, ఈ పోరులో కొనువానికి కొద్దినెలలు మేలే జరిగినది.

మేలు ఎక్కువ కాలము నిలువలేదు. 1928లో బర్మా ఆయిల్, షెల్ కంపెనీలు హిందూదేశపు అమ్మకములను కలిపి బర్మా షెల్ అను సంస్థను ఏర్పరచినవి. అదే సంవత్సరము సెప్టెంబరులో స్కాట్లండులోని అక్నకారి కోటలో డిటర్డింగు, న్యూజెర్సీ స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ అధిపతి టీగిల్, ఆంగ్లో పర్షియన్ కంపెనీ అధిపతి కాడ్మన్ సమావేశమైనారు. వేటకు వచ్చితిమని పైమాట. ఉన్న వాటాలు ఉన్నట్లే ఉంచుకొందమని లోపలిమాట. ధర విషయమున వారు ఒప్పుకొన్న సూత్రము మన కథకు మూలము. నూనె ఎక్కడ పుట్టినను, మెక్సికో సింధుశాఖ తీరమున అమెరికా రేవులలో ఉన్న ధరకు, అక్కడినుండి గమ్యస్థానమునకు అగు ఓడకిరాయి కలిపి వెల కట్టవలెను. పర్షియాలోని అబాదానునుండి బొంబాయికి ఓడ కొలది దినములలో వచ్చును. దానిలోని పెట్రోలునకు మాత్రము అట్లాంటిక్ మహాసముద్రము దాటి వచ్చినట్లు కిరాయి పడును. చేయని ప్రయాణమునకు చెల్లించు కిరాయి అది! ఇంత తెలివైన పద్దు మన కరణాలకైనను తోచియుండదు.

రెండవ ప్రపంచయుద్ధము ధరల మాటనే మరపించినది. 1942 మార్చిలో రంగూను పడిపోయినది. జపానువారి చేతికి చిక్కకుండ సిరియం కర్మాగారమును, యెనాంజావు బావులను బ్రిటిషువారే ధ్వంసము చేసిరి. పెట్రోలునకు రేషను వచ్చినది. బస్సుల వెనుక బొగ్గు కొలిమి బిగించి, ఆ గ్యాసుతో నడపిన బొగ్గుబస్సులను తాతల నోట వినని ఇల్లు కోస్తాలో అరుదు. యుద్ధపు చివరి దినములలో బ్రిటిషు ఆడిటరు జనరల్ తమ నౌకలకు కొన్న చమురుపై ఈ లేని కిరాయి ఏమని ప్రశ్నించెను. దానితో పర్షియా సింధుశాఖ కూడ ధరకు మూలస్థానముగా అంగీకరింపబడినది. కిరాయి తగ్గినది, అసలు ధర మాత్రము అమెరికా తీరపు ధరనే అనుసరించినది.

స్వతంత్ర భారతమున ట్రాంబేలో స్టాన్వాక్, బర్మా షెల్, 1957లో విశాఖపట్టణమున కాల్టెక్సు శుద్ధికర్మాగారములు నెలకొల్పినవి. ముడిచమురును తమ బంధుకంపెనీల యొద్దనే, వారు చెప్పిన ధరకే కొనుట వాటి పద్ధతి. 1960లో సోవియట్ ప్రభుత్వము అంతకంటె చవుకగా, రూపాయలలో చెల్లింపునకు ఒప్పుకొని ముడిచమురు ఇచ్చెదనన్నది. కేంద్రమంత్రి కేశవదేవ మాలవీయ దానిని శుద్ధిచేయుడని కోరగా మూడు కంపెనీలును నిరాకరించినవి. విశాఖ కర్మాగారము తెలుగునేలమీదిదే; అందేమి పోయవలెనో నిర్ణయించువారు మాత్రము సముద్రముల ఆవల ఉండిరి. అయినను ఆ బేరము వృథాపోలేదు. కంపెనీలు ధరలో కొంత తగ్గింపునకు దిగినవి. 1959లో స్థాపించిన ఇండియన్ ఆయిల్ కంపెనీకి 1960 ఆగస్టు 17న ఉజ్గొరద్ అను ఓడ రష్యా డీజిలు తెచ్చి బొంబాయిలో దించినది. ఇంకొకరి ధర చేతిలో ఉన్నపుడే మన బేరము సాగునని ఢిల్లీ ఆనాడు గ్రహించినది. విశాఖ కర్మాగారము 1978లో ప్రభుత్వరంగపు హిందూస్థాన్ పెట్రోలియంలో కలిసినది.

పిమ్మట విచిత్రము మన పెరటిలోనే జరిగినది. గత శతాబ్దపు చివరి దశాబ్దములలో ఓ.ఎన్.జి.సి.వారు కృష్ణా గోదావరి మండలమున త్రవ్వి, మండవల్లికి పొరుగుననే కైకలూరు, లింగాల ప్రాంతములలో చమురు, వాయువు కనుగొన్నారు. బావి ఇంటి ముంగిటికే వచ్చినది, ధర రాలేదు. 2002 ఏప్రిల్‌లో ప్రభుత్వ నియంత్రిత ధరల విధానము తొలగిన తరువాత దేశీయ ముడిచమురు అంతర్జాతీయ ధరకే అమ్ముడైనది. 2006లో డీజిలు, పెట్రోలు కర్మాగారపు ధరకు కొత్త సూత్రము వచ్చినది: దిగుమతియైనచో ఎంత పడునో దానికి నూటికి 80 వంతులు, ఎగుమతిచేసినచో ఎంత వచ్చునో దానికి 20 వంతులు. విశాఖలో శుద్ధియై గొట్టములలో విజయవాడకు వచ్చు డీజిలునకు సముద్రయానపు లెక్క ఇందులోను కలిసినది. అక్నకారి కోటను మరచితిమి కాని, ఆ పద్దును మరువలేదు.

దానిపై పన్నులు. 2010 జూన్‌లో పెట్రోలు ధరను, 2014 అక్టోబరులో డీజిలు ధరను ప్రభుత్వము కంపెనీలకు విడిచినది. 2017 జులైలో వచ్చిన జి.ఎస్.టి.లో ఈ రెండును చేరలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020 నాటికి పెట్రోలుపై నూటికి 31 వంతుల వ్యాట్, లీటరుకు 4 రూపాయలు, రోడ్ల సెస్సు ఇంకొక రూపాయి విధించినది. పుదుచ్చేరి పాలనలోని యానాములో పన్ను ఎంతో తక్కువ. యానామునకు సరిహద్దు లాభము కొత్తది కాదు. శారదా చట్టము బాల్యవివాహములను నిషేధించినపుడు ఫ్రెంచి నేలయైన ఆ ఊరికి పెండ్లివారు బారులు తీరగా దానికి కల్యాణపురమని పేరు వచ్చినది. అప్పుడు ముహూర్తములకు, ఇప్పుడు పెట్రోలునకు.

దేశముల పోలిక ఇంకను చిక్కు. అమెరికా గ్యాలను 3.785 లీటర్లు, బ్రిటిషు గ్యాలను 4.546, ఇది మరచినవారి లెక్క మొదటనే తప్పును. గోదావరి జిల్లాలనుండి ఎందరో పనికి పోయిన కువైటులో 2016 సెప్టెంబరులో సాధారణ పెట్రోలు ధరను లీటరుకు 85 ఫిల్సులుగా నిర్ణయించినారు. దినారులో దాదాపు పన్నెండవ వంతు. బావులున్నవి కనుక అందుమా? నార్వేకును సముద్రము నిండ బావులే. అక్కడి పెట్రోలు ఐరోపాలో మిక్కిలి ప్రియమైన వాటిలో ఒకటి. ఒక ప్రభుత్వము సొమ్ము వదలుకొన్నది, మరొకటి వసూలుచేసినది. 2022 తరువాత భారతదేశము రష్యా ముడిచమురును మరల తగ్గింపు ధరకు విస్తారముగా కొన్నది. ఆ సంవత్సరము మే నెలలో కేంద్రము ఎక్సైజు తగ్గించినప్పటినుండి 2024 మార్చివరకు బంకుధర ఇంచుమించు కదలనేలేదు.

మండవల్లినుండి యానాము నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. లీటరుకు పది రూపాయలు ఆదాయమనుకొన్నను, పదిలీటర్ల టాంకు గల మోటారుసైకిలుకు మిగులునది నూరు రూపాయలు. పోయివచ్చుటకు నాలుగు లీటర్లు కాలును. హౌరా పోవు లారీ సంగతి వేరు. ఒడిశాలో డీజిలు చవుకగా ఉన్న రోజులలో ఇచ్ఛాపురము దాటువరకు సరిపోవునంతే ఇక్కడ పోయించుకొని, ఆవల టాంకు నింపుకొనవచ్చును. చెరువుగట్టుమీది ఇంజను కదలి పోలేదు. దానికి కావలసిన డీజిలు రైతు డబ్బాలో పోయించుకొని, ఊరిబంకు ధరకే తెచ్చుకొనవలెను.