చెఱువు: ఒక పదము, మూడు సీమలు

నేడు "చెరువు" అని సాధురేఫముతో వ్రాయబడుచున్న పదమునకు పూర్వరూపము "చెఱువు". ఈ శకటరేఫమును గమనింపనిచో పదము పుట్టుక బోధపడదు. బంధనమను నర్థము గల "చెఱ" దీనికి తోబుట్టువు. చెఱపట్టబడిన నీరే చెఱువు. వాగులోని మడుగు తనంత తానేర్పడును. చెఱువునకు మానవుడు కట్ట వేయవలెను.

తమిళమున "సిఱై" యనగా కారాగారము, ఆనకట్ట కూడ. మలయాళమున "చిఱ" యనగా కట్ట, జలాశయము. కన్నడమున చెఱువు "కెఱె". మొదటి యక్షరము వేఱైనను ఇది పరాయి పదము గాదు. తెలుగు చెవి కన్నడమున కివి. తెలుగు చిఱు అచ్చట కిఱు. అట్లే చెఱువు, కెఱె. వీనిలో కకారమే ప్రాచీనము. తెలుగు, తమిళములు ఇకార ఎకారముల ముందు దానిని చకారముగా మార్చుకొన్నవి. కావున శ్రీ సత్యసాయి జిల్లాలోని కొత్తచెరువు, కర్ణాటకమునందలి అరసీకెరె అను ఊళ్ల పేర్ల చివర నున్నది ఒకే పదము.

తమిళదేశమున చెఱువునకు వాడుక పేరు "ఏరి". పొన్నేరి యందు వినబడునది యదియే. కన్నడమున "ఏరి" యనగా చెఱువుకట్ట. ఒకరు నీటికి పెట్టిన పేరును మఱియొకరు కట్టకు పెట్టుకొనిరి. తెలుగు తూము కన్నడమున తూబు, తమిళమున తూంబు. అధికజలము పొరలిపోవు తావును తెలుగువారు కొన్నియెడల అలుగందురు, కొన్నియెడల కలుజందురు. ఈ కలుజు తమిళ "కలింగు"నకు చుట్టము. ఇరుగుపొరుగుల సేద్యము కలసిన చోట మాటలును కలసినవి.

కట్టవేయుట యెంతటి పనియో కడప మండలము పోరుమామిళ్లలోని 1369 నాటి సంస్కృత శాసనము తెలుపుచున్నది. బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు త్రవ్వించిన యా చెఱువునకు 1000 మంది పనివారు, 100 బండ్లు, 2 సంవత్సరములు పట్టినవి. మంచి చెఱువునకు కావలసిన 12 సాధనములను, కూడని 6 దోషములను ఆ శాసనము పేర్కొనినది.

బెంగుళూరున ధర్మాంబుధి కెఱె యున్న తావున నేడు బస్సుల నిలయము వెలసియున్నది. నీరు పోయినను పేరు కొంతకాలము నిలుచును. పలుకువారు లేనిచో పేరును పోవును. కోలారు సీమయందలి తెలుగు బాలుడు బడిలో కెఱె యనియు, ఇంట చెఱువనియు పలుకుచున్నచో అతనికి రెండు మాటల భారము కలుగలేదు. ఒకే మాటకు గల రెండు రూపములు దక్కినవి. పొరుగుమాట నేర్చుటకై ఇంటిమాటను విడువవలసిన పని లేదు.