అపోహకు ఎదుటి మాట: కడప, కర్నూలు ఉదాహరణలతో ఒక పరిశీలన

బడి వ్యాకరణంలో సత్యానికి అసత్యం, నిజానికి అబద్ధం వ్యతిరేక పదాలు. అపోహకు మాత్రం జత కనిపించదు. ‘నిజం’ అని సరిపెట్టుకుంటాం గాని అది అతకదు. అబద్ధమాడేవాడికి తానాడేది అబద్ధమని తెలుసు. అపోహలో ఉన్నవాడు మనసారా నమ్మే మాట్లాడతాడు. అతనికి కొరవడింది నిజాయితీ కాదు, తెలివిడి. కనుక ఎదుటి మాటను తెలుసుకోవడానికి సంబంధించిన పదాల్లోనే వెతకాలని, అక్కడ ఎరుక, రుజువు అనే రెండింటినీ జంటగా నిలపాలని ఈ వ్యాసం ప్రతిపాదన.

తర్కశాస్త్రం ఈ తేడాను ఏనాడో పట్టుకుంది. అక్కడ భ్రమకు ఎదురు ప్రమ, అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు గ్రహించడం. అన్నంభట్టు తర్కసంగ్రహంలో అయథార్థ అనుభవాన్ని సంశయం, విపర్యయం, తర్కం అని మూడుగా విడదీశాడు. ముత్యపుచిప్పను చూసి వెండి అనుకోవడం విపర్యయం. ఇక అపోహ నడిచిన దారి మరీ విచిత్రం. సంస్కృతంలో ఊహాపోహలంటే విషయాన్ని అటూ ఇటూ తర్కించి, పొసగనిదాన్ని తోసెయ్యడం. తప్పును తొలగించే పనికి పేరైన మాట తెలుగులో ఆ తప్పుకే పేరైంది. ప్రమ వాడుకలోంచి జారిపోయింది. దాన్ని పుట్టించే సాధనమైన ప్రమాణం మిగిలింది గాని, సీమ పల్లెల్లో “ప్రమాణం చేస్తావా?” అంటే దేవుడి ముందు ఒట్టు వేస్తావా అని. ఆధారం చూపమనే మాట మనిషిని నమ్మమనే మాటగా మారడం చిన్న విషయం కాదు.

ఉదాహరణకు, పూర్వపు కర్నూలు జిల్లాలోని యాగంటి గుడిలో రాతి బసవన్న పెరుగుతున్నాడని జనం నమ్మిక. ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేసేవారని, ఇప్పుడు స్తంభాలు అడ్డమొస్తున్నాయని చెబుతారు. నిజమా అబద్ధమా అని నిలదీస్తే భక్తుడి నిజాయితీని శంకించినట్టవుతుంది. రుజువేమిటని అడిగితే మాట కొలతల మీదికి వెళుతుంది.

అపోహ చదువుకున్నవారిదీ కావచ్చు. 1848లో శాస్త్రానికి పరిచయమైన కలివికోడి అనే పిట్ట 1900 తర్వాత పరిశోధకుల కంటబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. ఇందులో ఎవరూ బొంకలేదు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం దగ్గరి రెడ్డిపల్లె ప్రాంతంలో, ఊరివాళ్ళ సాయంతోనే, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులకు అది మళ్ళీ దొరికింది. పగలు కంటబడక, చీకటి పడ్డాక ముళ్ళపొదల నడుమ తిరిగే పిట్ట అది. దాని చోటు చూపగలిగిన ఎరుక ఆ నేలమీద బతికేవాళ్ళది.

అయితే ఎరుక ఒక్కటే చాలదు. ఎరుకలసాని చెప్పే జోస్యమూ మన భాషలో ఎరుకే. అందుకే తర్వాతి పరిశోధకులు పొదల మధ్య ఖాళీల్లో మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లవారాక మూడువేళ్ళ అడుగుజాడల కోసం వెతికారు. వెనకవేలు ముద్ర పడితే అది కలివికోడి కాదు. ఊరి ఎరుక ఇలా రుజువుగా నిలిచింది. పిట్ట మళ్ళీ దొరికిన రెండేళ్ళకే, 1988లో, దాని రక్షణ కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తర్వాత అది తిరిగే పొదల మీదుగా రాబోయిన తెలుగుగంగ కాలువ దారి మార్చుకోవలసి వచ్చింది.