త్రసరేణువు నుండి గోధుమరంగు మబ్బు దాకా



మన పూర్వులు తూకాల లెక్కను ఎక్కడ మొదలుపెట్టారో గమనించారా? మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలో, గవాక్షం గుండా లోనికి వచ్చే ఎండలో కదలాడే సూక్ష్మధూళినే మొట్టమొదటి ప్రమాణంగా చెప్పారు. దానికి త్రసరేణువని పేరు. ఆ రేణువును మన కంటికి చూపేది వెలుగే. కనుక రేణువు గుట్టు తెలియాలంటే వెలుగునే అడగాలి. ఆధునికులు పట్టిన దారి కూడా ఇదే.

నేను జీవితమంతా ఛందోవ్యాకరణాలు బోధించినవాణ్ణి. భౌతికశాస్త్రం నా వృత్తి కాదు. అయినా ఈ చరిత్ర నన్ను ఆకర్షించింది. ఇందులో ఒక పేరు మీద పెద్ద తగవు ఉన్నది. మాట మీద తగవంటే భాషాపండితుడు చెవి ఒగ్గకుండా ఎలా ఉండగలడు?

పదార్థం గుండా పోయే కాంతి ఎంత తగ్గుతుందో 1729లో ఫ్రాన్సు దేశీయుడు పియేర్ బూగే లెక్కకట్టాడు. 1870 ప్రాంతంలో లండనులో జాన్ టిండాల్ గాజుగొట్టంలోని గాలిలోకి తీక్షణమైన కాంతిని పంపి, తేలియాడే ధూళిని ప్రకాశింపజేశాడు. ధూళిని తొలగిస్తే అదే గొట్టం చీకటయ్యేది. గోళాకారపు కణం కాంతిని ఎట్లా చెదరగొడుతుందో 1908లో జర్మనీకి చెందిన గుస్టావ్ మీ గణితంతో నిరూపించాడు. గాలిలోని మసకను సూర్యకాంతితో కొలిచే పద్ధతిని 1929లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆండర్స్ ఆంగ్‌స్ట్రోమ్ ప్రతిపాదించాడు.

ఇక్కడ రెండు కొలతలు ముఖ్యం. మొదటిది ఆప్టికల్ డెప్త్. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు కణాల వల్ల అది 0.3 ఉంటే, తిన్నగా దిగవలసిన వెలుగులో నూటికి సుమారు 26 వంతులు అవి అడ్డగించినట్లు. రెండవది ఆ అడ్డగింపు తీరు. ఉప్పు, సల్ఫేటు కణాలు వెలుగును చెదరగొట్టి ఊరుకుంటాయి. మసి మాత్రం దానిని మింగి వేడెక్కుతుంది, చుట్టూ ఉన్న గాలిని వేడెక్కిస్తుంది.

ఈ భేదం ఎంతటిదో 1999 జనవరి నుండి మార్చి వరకు జరిగిన ఇండోఎక్స్ పరిశోధనలో తేటతెల్లమైంది. వి. రామనాథన్, పాల్ క్రుట్జెన్ దానికి నాయకులు. మాల్దీవుల్లో మాలే నగరానికి ఉత్తరాన ఉన్న కాశిధూ ద్వీపం ముఖ్యమైన వేధశాల. చలికాలపు ఈశాన్యపవనాలు ఉపఖండపు పొగను సముద్రం మీదికి మోసుకుపోతాయి. అక్కడ అడ్డగింపబడిన వెలుగులో పదింట తొమ్మిది పాళ్లు చెదిరిపోతే, ఇంచుమించు ఒక పాలును కణాలు మింగుతున్నాయి. ఒక్క పాలే కదా అనుకోవద్దు! వాతావరణపు పైకొసన కనబడే నష్టానికి మూడింతలు నేలమీద, నీటిమీద నష్టం ఉన్నదని సతీశ్, రామనాథన్ 2000లో ప్రకటించారు. ఆ తేడా వేడి అంతా గాలిలోనే నిలిచిపోయిందన్నమాట.

2002లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ దీనిని 'ఆసియా గోధుమరంగు మబ్బు' అన్నది. తగవు పుట్టింది. ఇటువంటి మసక ఆసియా సొత్తా? కొన్ని నెలలే ఉండే దానికి ఒక ఖండం పేరు తగిలించడమేమిటి? జె. శ్రీనివాసన్, సులోచనా గాడ్గిల్ 'కరెంట్ సైన్స్' పత్రికలో ఆ నివేదికను విమర్శించారు. మనవాళ్లు కొలతలెరుగని వారు కారు. ఇస్రో ఆధ్వర్యంలో 1980ల దశకం నుండే త్రివేండ్రం, మైసూరు, జోధ్‌పూర్‌లతో పాటు మన విశాఖపట్నంలోనూ రేడియోమీటర్లు సూర్యుణ్ణి చూస్తున్నాయి. చివరకు పేరులోంచి 'ఆసియా' తొలగి 'వాతావరణ' చేరింది.

పేరు మారితే పొగ పోతుందా? అసలు ప్రశ్న వేరు: ఆ మసి ఎవరిది? కార్లదా, కార్ఖానాలదా, పేదయిల్లాలి పొయ్యిదా? కాంతి కొలతలు మసి ఉన్నదని చెప్పగలవు గాని, అది ఏ పొయ్యి నుండి వచ్చిందో వాటితోనే తేలదు. అందుకు రేడియోకార్బన్ సాక్ష్యం పలికింది. కట్టెలో, పిడకలో కార్బన్-14 ఉంటుంది. కోట్ల ఏళ్లనాటి బొగ్గులో, పెట్రోలులో ఉండదు. పుణె దగ్గరి సింహగఢ్‌లోనూ, మాల్దీవుల్లోని హనిమాధూలోనూ పట్టిన మసిలో సుమారు సగం నుండి మూడింట రెండు వంతుల దాకా కట్టెలు, పిడకలు, పంటవ్యర్థాల వంటి జీవపదార్థం కాలగా వచ్చినదేనని 2009లో 'సైన్స్' పత్రికలో ప్రకటించారు.

దీనిని పేదల మీద నేరారోపణగా చదివేవారున్నారు. నాకు అలా తోచదు. పొయ్యి ఊదే ఇల్లాలు ఆ మసిని సముద్రం కన్న ముందు తన ఊపిరితిత్తుల్లోకి పీల్చింది. ఆమె నేరస్థురాలు కాదు, మొదటి బాధితురాలు. పొగలేని పొయ్యి ఆమెకు దక్కితే ఆకాశానికీ మేలే. మిగిలిన పాలు బొగ్గుదీ, పెట్రోలుదీ కనుక బండ్లకూ కార్ఖానాలకూ తప్పించుకునే దారి లేదు.

2001 నుండి కాన్పూరు ఐఐటీలో సన్ ఫోటోమీటర్ గంగామైదానపు మసకను కొలుస్తున్నది. మనువు చెప్పిన ప్రమాణం నేడు బంగారం తూచడానికి పనికిరాకపోవచ్చు. మన బాధ్యతను తూచడానికి మాత్రం అదే తూకపురాయి.