రోచ్‌డేల్: ఓడుతూ బతికిన జట్టు

1931 అక్టోబరులో ఇంగ్లండ్ ఉత్తరాన, లాంకషైర్ నూలు మిల్లుల సీమలో, విగన్ బరో అనే ఫుట్‌బాల్ క్లబ్ సీజన్ మధ్యలోనే చేతులెత్తేసింది. పన్నెండు మ్యాచ్‌లు ఆడాక అప్పులు మోయలేక లీగ్‌కు రాజీనామా ఇచ్చింది. అది ఆడిన మ్యాచ్‌ల ఫలితాలన్నీ పట్టికలోంచి కొట్టేశారు. అదే సీజన్‌లో, అదే డివిజన్‌లో, దగ్గరలోనే ఉన్న రోచ్‌డేల్ జట్టు వరుసగా 17 మ్యాచ్‌లు ఓడిపోయింది. సీజన్ ముగిసేసరికి 40 మ్యాచ్‌లలో 4 గెలుపులు, 3 డ్రాలు, 33 ఓటములు. కొట్టిన గోల్స్ 48, కొట్టించుకున్నవి 135. మొత్తం మీద దక్కిన పాయింట్లు 11. అయినా మరుసటి సీజన్‌లో రోచ్‌డేల్ అదే డివిజన్‌లో మళ్లీ బరిలోకి దిగింది. విగన్ బరో మాత్రం మళ్లీ లీగ్ ముఖం చూడలేదు. ఇంగ్లండ్‌లో కింది డివిజన్ల ఫుట్‌బాల్ చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ రెండు జట్లను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. క్లబ్బును చంపేది ఓటమి కాదు, అప్పు. వరుసగా ఓడే రోజుల్లోనూ శనివారం మధ్యాహ్నం మైదానానికి నడిచి వెళ్లే మనిషి చేసేది గుడ్డి భక్తి కాదు. తన ఊరి ఉమ్మడి సొత్తుకు కాపలా కాయడం. అయితే ఆ కాపలాదారుకు కాగితం మీద ఏ హక్కూ లేకపోవడం ఈ చరిత్రలోని పెద్ద అన్యాయం.

రోచ్‌డేల్ మాంచెస్టర్‌కు ఉత్తరాన పదిమైళ్ల దూరంలోని మిల్లుల పట్టణం. ఫుట్‌బాల్ లేని రోజుల నుంచే ఆ పేరు ప్రపంచానికి తెలుసు. 1844 డిసెంబరు 21న అక్కడి టోడ్ లేన్ అనే వీధిలో 28 మంది కార్మికులు, చేతివృత్తులవాళ్లు తలా ఒక పౌను వాటాతో ఒక చిన్న కొట్టు తెరిచారు. వెన్న, పంచదార, పిండి, కొవ్వొత్తులు అమ్మారు. ఎవరికి ఎన్ని వాటాలున్నా ఒక్కరికి ఒకే ఓటు, లాభం పంచేది కొనుగోళ్లను బట్టి అన్నవి వాళ్లు పెట్టుకున్న నియమాలు. మన చేనేత సహకార సంఘాలు, 1956లో మొదలైన ముల్కనూరు సహకార సంఘం, ఊరూరా ఉన్న పరపతి సంఘాలు అన్నీ ఆ కొట్టుకు దూరపు చుట్టాలే. ఇదే పట్టణంలో 1907లో పుట్టిన ఫుట్‌బాల్ క్లబ్ మాత్రం మామూలు లిమిటెడ్ కంపెనీ పద్ధతిలో నడిచింది. అక్కడ ఎన్ని వాటాలో అన్ని ఓట్లు. సహకారానికి పుట్టినిల్లయిన ఊళ్లో, ఊరి జట్టుకు సహకార నియమం వర్తించలేదు.

ఆట అక్కడ ఎలా వేరుపట్టిందో చూస్తే ఈ తేడా ఎందుకంత బరువైనదో తెలుస్తుంది. 1850 నాటి ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లుల్లో ఆడవాళ్లకు, పిల్లలకు శనివారం మధ్యాహ్నం రెండు గంటలకల్లా పని ముగియాలంది. వాళ్లు వెళ్లిపోతే మిల్లు నడవదు కాబట్టి క్రమంగా మగవాళ్లకూ ఆ తీరిక దొరికింది. రెండుకు మిల్లు వదిలితే మూడుకు ఆట. ఇంగ్లండ్‌లో మ్యాచ్‌లు శనివారం మూడింటికి మొదలవడమనే ఆనవాయితీ మిల్లు కూత వెంట వచ్చిందే. ఆ కాస్త తీరికను మిల్లు పనివాళ్లు తమ ఊరి పేరు మోసే పదకొండు మంది కోసం ఖర్చు పెట్టారు, జేబులోని చిల్లరను కూడా. 1879లో డార్వెన్ అనే మరో మిల్లు పట్టణపు జట్టు ఎఫ్.ఎ. కప్ క్వార్టర్ ఫైనల్లో లండన్‌కు చెందిన ఓల్డ్ ఎటోనియన్స్‌తో 5-5తో సమంగా నిలిచి, మళ్లీ ఆడాల్సి వచ్చినప్పుడు దారి ఖర్చులకు ఊరంతా చందాలు వేసుకుంది. రెండో మ్యాచ్ కూడా సమమైంది, మూడోది ఓడిపోయారు. ఓడింది మిల్లు కార్మికుల జట్టే అయినా దాన్ని రెండుసార్లు లండన్ పంపిన డబ్బు ఊరిది. క్లబ్ ఊరి సొత్తు అన్న భావన ఇలాంటి చందా పుస్తకాల్లో పుట్టింది. కంపెనీ చట్టం ఆ భావనను ఎక్కడా నమోదు చేసుకోలేదు.

1931-32 సీజన్‌ను ఆ ఊరి ఆర్థిక స్థితి నుంచి విడదీసి చూడకూడదు. 1913లో లాంకషైర్ ప్రపంచానికి ఎగుమతి చేసిన బట్ట దాదాపు 700 కోట్ల గజాలు. అందులో సుమారు 300 కోట్ల గజాలు మన దేశానికే వచ్చాయి. ఆ సీమ గుడ్డల కిందే చీరాల నుంచి పోచంపల్లి దాకా మన మగ్గాలు నలిగాయి. 1930 నాటికి కథ తిరగబడింది. ప్రపంచ మాంద్యం, జపాన్ పోటీ, మన మిల్లుల ఎదుగుదల, విదేశీ వస్త్ర బహిష్కరణ కలిసి లాంకషైర్ మిల్లుల్ని మూయించాయి. 1931 సెప్టెంబరులో గాంధీ అదే డార్వెన్ ప్రాంతానికి వెళ్లి, పని పోయిన మిల్లు కార్మికులతో మాట్లాడారు. అక్కడి ఆడవాళ్లు ఆయన చుట్టూ చేరి కేరింతలు కొట్టిన ఫొటో చాలామంది చూసే ఉంటారు. ఆ తర్వాత కొన్ని వారాలకే రోచ్‌డేల్ ఓటముల వరస మొదలైంది. ఆ చలికాలంలో రోచ్‌డేల్ ఆట చూడటానికి వెళ్లినవాళ్లలో పని లేనివాళ్లు, సగం రోజుల పనితో నెట్టుకొచ్చేవాళ్లు ఎందరో ఉండి ఉంటారు. జట్టు ఓడుతుందని వాళ్లకు తెలుసు. మిల్లు మూతపడ్డ ఊళ్లో ఆ ఊరి పేరుతో ఇంకా నడుస్తున్న వాటిలో ఆ జట్టు ఒకటి.

క్లబ్బును నిలబెట్టేది మైదానానికి వచ్చే జనమే అన్న మాటకు గట్టి అభ్యంతరం ఒకటుంది. రోచ్‌డేల్‌ను కాపాడింది అభిమానులు కాదు, లీగ్ నియమాలే అనవచ్చు. ఇందులో నిజం తక్కువేమీ కాదు. 1987 దాకా అట్టడుగు డివిజన్‌లో చివర మిగిలిన జట్లు వాటంతటవే కిందికి పడిపోయేవి కావు. వార్షిక సమావేశంలో తోటి క్లబ్బుల ఓట్లు అడిగి మళ్లీ ఎన్నికవ్వాలి. తెలిసినవాళ్లకే ఓటు వేసుకునే ఆ పద్ధతిలో రోచ్‌డేల్ పదేపదే బయటపడింది. 1978లో పట్టికలో ఆఖరిది రోచ్‌డేలే, కానీ దానికి ఒక మెట్టు పైనున్న సౌత్‌పోర్ట్ స్థానం పోయి విగన్ అథ్లెటిక్ లోపలికి వచ్చింది. 1980లో ఆల్ట్రింకమ్ మీద రోచ్‌డేల్ 26-25తో, ఒకే ఒక్క ఓటుతో నిలిచింది. అది న్యాయమని నేను వాదించను. బయట ఎదురుచూస్తున్న మంచి జట్లకు ఆ పద్ధతి అన్యాయమే చేసింది. అయితే తోటి క్లబ్బులు ఓటేసి స్థానం ఇవ్వగలవు కానీ బాకీలు తీర్చలేవు. స్థానం ఉండి కూడా విగన్ బరో పోయింది. 1962 మార్చిలో ఆక్రింగ్టన్ స్టాన్లీ కూడా అలాగే అప్పులతో సీజన్ మధ్యలో లీగ్‌ను వదిలింది. సరిగ్గా ఆ వసంతంలోనే రోచ్‌డేల్ నాలుగో డివిజన్ జట్టుగా లీగ్ కప్ ఫైనల్ దాకా వెళ్లి నార్విచ్ చేతిలో ఓడింది. ఓట్లు తలుపు తెరిచి ఉంచాయి. లోపల దీపం ఆరకుండా చూసింది గేటు దగ్గర పోగైన చిల్లర.

ఓడే జట్టును వదిలి జనం పోయారు కదా, ఈ విశ్వాసం ఒట్టి కట్టుకథ అన్నది రెండో అభ్యంతరం. దీనికి సాక్ష్యంగా 1973-74 సీజన్‌నే చూపిస్తారు. ఆ ఏడు మూడో డివిజన్‌లో 46 మ్యాచ్‌లు ఆడి రోచ్‌డేల్ గెలిచింది రెండంటే రెండు. 1974 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జ్ యునైటెడ్‌తో ఆడిన మ్యాచ్‌కు ఆరు వందల మంది కూడా రాలేదు. 1949లో ఒక కప్ మ్యాచ్‌కు 24,231 మందితో కిక్కిరిసిన స్పాట్లండ్ మైదానం అది. కానీ ఆ అంకెను చూపేవాళ్లు వారాన్ని చూడరు. అది మంగళవారం మధ్యాహ్నం. బొగ్గు కొరతతో బ్రిటన్‌లో వారానికి మూడు రోజుల పని అమలవుతున్న సమయం. ఫ్లడ్‌లైట్లు వెలిగించకూడదు కాబట్టి ఆటను పగటి పూటకు మార్చారు. అలాంటి పూట పని మానుకుని, 46లో రెండే గెలవబోయే జట్టును చూడటానికి వచ్చిన ఆ కొన్ని వందల మందిని తక్కువగా లెక్కపెట్టడం నాకు సరిపడదు. పైగా పదిమైళ్ల దూరంలోని మాంచెస్టర్‌లో ఇంగ్లండ్‌లోకెల్లా పేరున్న రెండు జట్లు ఉన్నాయి. గెలుపు మాత్రమే కావాలనుకున్నవాడికి బస్సెక్కితే సరిపోయేది. జనం తగ్గిన మాట నిజమే, కానీ జట్టు నిలవడానికి ఆ మిగిలినవాళ్లే ఆధారమయ్యారు. ఆ సీజన్‌లో కిందికి పడిన రోచ్‌డేల్ మళ్లీ పైకి రావడానికి 36 ఏళ్లు పట్టింది. ఇంగ్లండ్‌లో నాలుగో డివిజన్‌ను రోచ్‌డేల్ డివిజన్ అని పిలవడం అప్పుడే అలవాటైంది. 2010 దాకా ఆ పేరు మోసినవాళ్లు పిల్లలకు అదే జట్టు కండువా కట్టారు.

గెలుపే క్లబ్బును కాపాడుతుందనే వాదానికి జవాబు పొరుగు ఊరు బరీలో ఉంది. రెండు సార్లు ఎఫ్.ఎ. కప్ గెలిచిన బరీ క్లబ్ 2018-19లో పట్టికలో రెండో స్థానంలో నిలిచి పై డివిజన్‌కు అర్హత సాధించింది. రాబడికి మించిన జీతాలతో కొన్న గెలుపు అది. 2019 ఆగస్టు 27న, 125 ఏళ్ల సభ్యత్వం తర్వాత, అప్పుల మూలంగా బరీని లీగ్ నుంచి తీసేశారు. ఇక డార్వెన్ మాట. 1898-99లో రెండో డివిజన్‌లో వరుసగా 18 మ్యాచ్‌లు ఓడి, మూడుసార్లు 10-0తో నలిగి, ఆ క్లబ్ లీగ్‌నే వదులుకుంది. ఓటమి చంపిందనడానికి అదే ఉదాహరణ అనిపించవచ్చు. కానీ డార్వెన్ అక్కడితో ఆగలేదు. చిన్న లీగుల్లో ఇంకో 110 ఏళ్లు ఆడింది. చివరికి 2009లో మూతపడింది, అది కూడా బాకీల వల్లే. ఆ వెంటనే ఊరివాళ్లు కొత్త పేరుతో మళ్లీ జట్టు కట్టారు.

ఓటమిలోనూ టికెట్ కొనే జనం ఉన్నంతకాలం చేతకాని యాజమాన్యాలకు భయమేముంటుంది అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఈ అభ్యంతరాలన్నింటిలోనూ నాకు బరువుగా తోచే ప్రశ్న ఇదే. ఇంటిదగ్గరే కూర్చుని నిరసన తెలపడం అభిమాని చేతిలోని ఏకైక ఆయుధమన్న మాట చాలాకాలం నిజమే. కానీ ఆ ఆయుధం యజమానికన్నా ముందు క్లబ్బునే గాయపరుస్తుంది. దారి మరోవైపు ఉందని 1992లో నార్తాంప్టన్ అభిమానులు చూపించారు. క్లబ్ దివాలా అంచున ఉన్నప్పుడు ట్రస్టుగా ఏర్పడి, డబ్బు పోగుచేసి, వాటా అడిగారు. 2003 నుంచి ఎక్సెటర్ సిటీ అభిమానుల ట్రస్టు సొత్తు. ట్రస్టులో ఒక్కరికి ఒక్క ఓటు. టోడ్ లేన్ నియమం ఫుట్‌బాల్‌లోకి రావడానికి దాదాపు నూటయాభై ఏళ్లు పట్టిందన్న మాట. 2021లో బయటి కంపెనీ ఒకటి రోచ్‌డేల్ క్లబ్బును చేజిక్కించుకోబోతే చిన్న చిన్న వాటాదారులు, అభిమానుల ట్రస్టు కలిసి ఎదురునిలిచారు. ఆ ప్రయత్నం సాగలేదు. రెండేళ్లకు, 2023లో, 102 ఏళ్ల తర్వాత రోచ్‌డేల్ లీగ్ నుంచి కిందికి పడిపోయింది. పడ్డా బతికే ఉంది. 2024లో మూసివేత అంచుకు వచ్చినప్పుడు స్థానిక కుటుంబం ఒకటి దాన్ని కొని నిలబెట్టింది. 2025లో బ్రిటన్ పార్లమెంటు చట్టం చేసి ఫుట్‌బాల్ క్లబ్బుల డబ్బు లెక్కల మీద, యజమానుల అర్హత మీద స్వతంత్ర నియంత్రణ సంస్థను పెట్టింది. ఆ చట్టానికి దారి తీసిన చర్చ బరీ పతనంతోనే ఊపందుకుంది.

ఈ చరిత్ర మనకు పరాయిది కాదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు, దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం పుణ్యమా అని ఒకప్పుడు దేశపు ఫుట్‌బాల్‌కు హైదరాబాదే పాఠశాల. అదే నగరం పేరు పెట్టుకున్న హైదరాబాద్ ఎఫ్.సి. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ ట్రోఫీ గెలిచింది. ఆ వెనక జీతాల బకాయిలు పేరుకున్నాయి, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, 2023-24లో 22 మ్యాచ్‌లలో ఆ జట్టు గెలిచింది ఒక్కటే. గచ్చిబౌలి స్టేడియంలో ఆ ఓటముల సీజన్‌లోనూ టికెట్ కొని కూర్చున్నవాళ్లు ఉన్నారు. 2025లో క్లబ్ పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. ఆ నిర్ణయం తీసుకున్నప్పుడు వాళ్లలో ఒక్కరికీ ఓటు లేదు.