పూటకూళ్లింటి నుంచి ఫ్యామిలీ రూము దాకా

హోటల్లో తినడానికి కూడా చరిత్ర ఉంటుందా అని మీకనిపించవచ్చు. డబ్బులుంటే వెళ్తాం, తింటాం, వస్తాం, అంతే కదా అని. కానీ ఒకసారి మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చూడండి: "మగవాళ్లెవరూ తోడు లేకుండా, నీ స్నేహితురాళ్లతో కలిసి ఎప్పుడైనా హోటల్లో కూర్చుని తిన్నావా?" అని. మా అవ్వ అయితే ఆ ప్రశ్నకే పడీపడీ నవ్వేది. ఆమె ఇల్లు దాటి భోంచేసింది పెళ్లిళ్లలోనూ, తిరునాళ్లలోనూ మాత్రమే. అక్కడ కూడా ఆడవాళ్ల పంక్తి ఆఖరిదే. పప్పు అడుగంటాక, బూరెలు విరిగిన ముక్కలయ్యాక మన విస్తళ్లు పడేవి. మనం కూర్చుంటే ఇంకొకరు వేడివేడిగా వడ్డించడం అనేది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, అక్కడిదాకా రావడానికి మనకు చాలా కాలం పట్టింది.

తెలుగులో స్నేహితులు పట్నంలో తిరుగుతూ బయట భోంచేసిన కథ కావాలంటే క్రీడాభిరామం ఉంది. వినుకొండ వల్లభరాయుడి పేరుతో ఉన్న ఈ పుస్తకం బీఏలో మాకు పేరుకే పరిచయం, అసలు పుస్తకం తర్వాత తీరిగ్గా చదివాను. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లంతా తిరుగుతారు. వాళ్లకు పూటకూళ్లింటి సంగతీ వస్తుంది. ఒక్క రూక ఇస్తే సన్నన్నం, గోధుమపిండి వంట, పంచదార, కొత్తగా కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు పెడతారట. సురవరం ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసేటప్పుడు ఇలాంటి కావ్యాలను గాలించే ఆనాటి తిండీ బట్టా సంగతులు బయటికి తీశారు. ఆ పద్యం చదివిన ప్రతిసారీ నాకు నోరూరుతుంది, ఆ వెంటనే ఒక అనుమానమూ వస్తుంది. తిన్నవాళ్లు మగవాళ్లు, ఇల్లు లక్ష్మణవజ్ఝలది. మరి ఆ నాలుగైదు నంజుళ్లకు కూరలు తరిగిందెవరు?

దానికి జవాబు కన్యాశుల్కంలో దొరుకుతుంది. 1892లో మొదట ఆడిన ఆ నాటకంలో పూటకూళ్లమ్మ ఉంది గుర్తుందా? విజయనగరంలో నలుగురికీ అన్నం పెట్టి బతికే వితంతువు. గిరీశం ఆమె డబ్బు తినేస్తే చీపురు పట్టుకుని మధురవాణి ఇంటికి వస్తుంది, ఆయనగారు మంచం కింద దూరతాడు. మనం ఆ ఘట్టం చూసి నవ్వుకుంటాం. కానీ ఆ రోజుల్లో మొగుడు పోయిన మనిషికి పుట్టింట్లో పడి ఉండకుండా, తన చేతి వంటతో తనే నాలుగు డబ్బులు సంపాదించుకునే దారి అదొకటి. నాటకమంతా ఆమెను పూటకూళ్లమ్మ అనే పిలుస్తారు, సొంత పేరు వినపడదు. అంటే, బయటి తిండి అనే వ్యాపారంలో మనం మొదటి నుంచీ ఉన్నాం. పొయ్యి దగ్గర ఉన్నాం, పీట మీద లేం.

ఇక మా అనంతపురం సంగతి. ఇక్కడ "బయట తిండి" అన్న మాటకు వేరే అర్థం కూడా ఉంది. 1876 నుంచి 78 దాకా ధాతు కరువు. అప్పటికి మాది ప్రత్యేక జిల్లా కాదు, బళ్లారిలో భాగం. 1882లో విడిపోయింది. ఆ కరువులో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి సహాయ పనుల్లో కూలీలకిచ్చే గింజలను రోజుకు ఒక పౌనుకు తగ్గించాడు, అంటే అరకిలో కూడా కాదు. రోజంతా రాళ్లు మోసే మనిషికి! అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ పోట్లాడాడు. మళ్లీ 1952లో రాయలసీమలో కరువొస్తే గంజి కేంద్రాలు పెట్టారు. మా జిల్లాలో ఎన్నో కుటుంబాలకు ఇంటి బయట ఎవరో వండింది తినడం మొదట ఆ గంజి వరసలోనే తెలిసింది. గిన్నె పట్టుకుని వరసలో నిలబడడం, ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తారేమోనని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకోవడం. మా పెద్దవాళ్లు "ఇంట్లో పొయ్యి వెలిగించుకోలేకనా బయట తినేది?" అని కోప్పడడంలో పిసినారితనమే ఉందని చిన్నప్పుడు అనుకునేదాన్ని. అందులో ఆ గంజి వరస భయం కూడా ఉందని ఇప్పుడనిపిస్తుంది.

హోటళ్లు వచ్చాక కూడా తలుపులు అందరికీ తెరుచుకోలేదు. మేము మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో కాఫీ హోటళ్లలో బ్రాహ్మణులకు వేరే గది, మిగతావాళ్లకు వేరే గది ఉండేవి. రైల్వే భోజనశాలల్లోనూ అదే వరస. దళితులకైతే ఆ వేరే గది కూడా లేదు, బయటే నిలబడి తాగాలి. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన మన రాజ్యాంగంలో 15వ అధికరణం చూడండి. దుకాణాలు, హోటళ్లు, భోజనశాలలు, బావులు, చెరువులు అని పేరు పేరునా చెప్పి, వాటిలోకి రావడానికి మతం, కులం, లింగం, పుట్టిన చోటు అడ్డం కాకూడదంది. ఇంత పెద్ద రాజ్యాంగంలో హోటల్ మాట ఎందుకు రాయాల్సి వచ్చిందో ఆలోచిస్తే కడుపులో దేవుతుంది. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. అయినా రెండు గ్లాసుల పద్ధతి పల్లెల్లో ఆ తర్వాత ఎన్నో ఏళ్లు నడిచింది. అందుకే "మనం" హోటల్లో ఎప్పుడు కూర్చున్నాం అన్న ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు ఉండదు. నా కంటే ముందు, నా కంటే ఎక్కువగా గడప బయట నిలబడ్డవాళ్లున్నారు.

ఆ జాబితాలో కులం పక్కనే లింగం అన్న మాట కూడా ఉంది కదా. మనల్ని ఎవరూ రావద్దని బోర్డు పెట్టలేదు. "ఫ్యామిలీ రూము" అని పెట్టారు. నలభై దాటిన వాళ్లకు గుర్తుండే ఉంటుంది: చెక్క అడ్డాలు, మాసిన కర్టెను, లోపల గిర్రున శబ్దం చేసే ఫ్యాను. నాన్న మసాలా దోసె చెప్పేవారు, అమ్మ "ఏదో ఒకటి" అనేది. మర్యాద కోసమే పెట్టారు, కాదనను. బయట బీడీ పొగలో కూర్చోలేని ఆడవాళ్లకు ఆ కర్టెను ఆసరా అయింది కూడా. కానీ ఫ్యామిలీ అంటే మొగుడో తండ్రో తోడున్న ఆడది. నలుగురు స్నేహితురాళ్లు ఏ గదిలో కూర్చోవాలి?

ఇది మన వెనకబాటు మాత్రమే అనుకోకండి. లండన్‌లో ఎల్ వీనో అనే పేరున్న వైన్ బార్ ఉంది. అక్కడ ఆడవాళ్లకు కౌంటరు దగ్గర నిలబడి తాగే వీలు లేదు, వెనక గదిలో కూర్చోవాల్సిందే. 1982లో కోర్టు తప్పని చెప్పేదాకా అదే నడిచింది. న్యూయార్క్‌లో మెక్‌సోర్లీస్ అనే పాత బార్ 1970 దాకా ఆడవాళ్లను గడపే తొక్కనివ్వలేదు. వాళ్లకు వెనక గది, మనకు కర్టెను.

మాకు పట్నం అంటే హైదరాబాద్ కన్నా ముందు బెంగళూరు. రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. వానల్లేక శెనక్కాయ పంట పోయినప్పుడు కూలికి వెళ్లేదీ అక్కడికే, జబ్బు చేస్తే కిద్వాయికీ నిమ్హాన్స్‌కీ వెళ్లేదీ అక్కడికే, పెళ్లి చీరలకు చిక్‌పేటకు వెళ్లేదీ అక్కడికే. ఆ ఊరికి హోటళ్ల చరిత్ర పెద్దదే. 1924లో మొదలైన ఎమ్‌టీఆర్, 1943 నాటి విద్యార్థి భవన్ ఇప్పటికీ కిటకిటలాడుతుంటాయి. యుద్ధకాలంలో బియ్యం కరువైతే రవ్వ ఇడ్లీ తామే కనిపెట్టామని ఎమ్‌టీఆర్ వాళ్లు చెప్పుకుంటారు. 1980లలో దర్శినులు వచ్చాయి. టోకెన్ తీసుకో, నిలబడి తిను, వెళ్లిపో. అదే దశకంలో అరిటాకులో పప్పూ గోంగూరా వడ్డించే నాగార్జున లాంటి ఆంధ్రా భోజన హోటళ్లూ వచ్చాయి.

నా ఉద్దేశంలో మన ఆడవాళ్లకు ఎక్కువ మేలు చేసింది ఆ దర్శినులే. అక్కడ గదీ లేదు, కర్టెనూ లేదు, "సార్ వస్తున్నారా అమ్మా?" అని అడిగే మనిషీ లేడు. ఆఫీసుకు పోయే అమ్మాయి ఒక్కతే ఇడ్లీ వడ తిని, కాఫీ తాగి పోతుంటే ఎవరూ తలెత్తి చూడరు. మేము నలుగురం చీరలకని వెళ్లినప్పుడు ఒక పెద్ద హోటల్లో మాత్రం ఆ ప్రశ్న ఎదురైంది. మా వదిన ఉండి, "సార్లు ఇంట్లో అన్నం వండుకుంటున్నారు, నువ్వు నాలుగు ఆకులెయ్యి నాయనా" అంది. ఆ పిల్లాడూ నవ్వాడు. ఆ రోజు మేము రెండు గంటలు కూర్చున్నాం. సగం తిండికీ, సగం మాటలకీ. ఇంట్లో నలుగురం కలిసినా ఎవరో ఒకరం వంటింట్లోనే ఉంటాం. అందరం ఒకేసారి కూర్చుని, చివరిదాకా కూర్చుని మాట్లాడుకున్నది అక్కడే.

బార్ల మాట కూడా చెప్పాలి, తప్పించుకోకూడదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. అది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి, 1997లో సడలిపోయింది. మరి ఆ తల్లుల తర్వాతి తరం అమ్మాయిలు బెంగళూరు పబ్బుల్లో స్నేహితులతో కూర్చుంటే ఏమనాలి? 2009 జనవరిలో మంగళూరు పబ్బులో అమ్మాయిలను జుట్టు పట్టి కొట్టినప్పుడు, "తాగడానికి వెళ్తే అంతే" అన్న ఆడవాళ్లూ నాకు తెలుసు. 2018లో ఆ కేసు సాక్ష్యాలు లేవని కొట్టేశారు. అంతకు ముందే, 2007లో, ఆడవాళ్లు బార్లలో ఉద్యోగం చేయకూడదన్న ఢిల్లీలోని పాత చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. కాపాడే పేరుతో ఇంట్లో కూర్చోబెట్టడం కుదరదంది.

నాకు తాగుడు నచ్చదు. కరువు ఏళ్లలో కూలి డబ్బు ఎటు పోయేదో మా పనమ్మ చెప్పగా విన్నదాన్ని. కానీ దూబగుంట ఆడవాళ్లు పోట్లాడింది సారా తాగి వచ్చి తమను కొట్టే చేతుల మీద. మంగళూరులో లేచిందీ అలాంటి చెయ్యే. గ్లాసు ఎవరి ముందుందన్నది తర్వాతి మాట, ముందు ఆ చేతి సంగతి మాట్లాడుకోవాలి.

ఇంతకీ నేను చెప్పేది రోజూ హోటళ్లకు పొమ్మని కాదు. మా ఇంట్లో ఉగ్గాని బజ్జీ ముందు ఏ హోటలూ పనికిరాదు. కాకపోతే ఈసారి స్నేహితురాళ్లతో వెళ్లినప్పుడు "ఏదో ఒకటి" అనకండి. మెనూ కార్డు తీసుకుని, మీకు ఏం తినాలనుందో మీరే చదివి చెప్పండి. వీలైతే మీ అమ్మనూ తీసుకెళ్లి, మొదటి పంక్తిలో కూర్చోబెట్టండి.