ఎనిమిదో స్వరం

బ్లూమింగ్టన్. ఇండియానా విశ్వవిద్యాలయం సంగీత పాఠశాలలో ఒక తరగతి గది. డ్రమ్మర్ సింబల్ బిగించుకుంటున్నాడు. మీరు గోడవార కుర్చీ లాక్కుని కూర్చున్నారు. బోర్డు మీద ఎఫ్ బ్లూస్, 12 బార్లు. జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ 'నౌస్ ద టైమ్' నడిచేది ఈ 12 బార్ల మీదే.

శాక్సఫోన్ అమ్మాయి సోలో ఎత్తుకుంది. స్వరాలన్నీ స్కేలులోవే, ఒక్కటీ తప్పు లేదు. అయినా వరుస ఎక్కడా నిలబడదు, జారిపోతోంది. మాస్టారు చెయ్యెత్తి ఆపారు. వాద్యం పక్కన పెట్టి పాడమన్నారు.

ఆ స్కేలును మన హరికాంభోజి అనుకోండి. పై షడ్జం నుంచి దిగుతూ, దెబ్బకు రెండేసి స్వరాలు: సని, దప, మగ, రిస. దెబ్బ మీద పడుతున్నవి స, ద, మ, రి. పియానో పట్టిన కార్డులో, అంటే కలిపి మోగించే స్వరాల గుత్తిలో, ఉన్నవేమో స, గ, ప, ని. జారుడు అక్కడుంది. ఇప్పుడు పై షడ్జానికీ కైశికి నిషాదానికీ నడుమ కాకలి నిషాదం ఒక్కటి చేర్చండి. దెబ్బ మీద స, ని, ప, గ పడతాయి. ఆ అమ్మాయి పాడింది, వాయించింది. బేస్ వాయించే కుర్రాడు తలెత్తి చూశాడు. మీకూ తెలిసిపోయింది.

పార్కర్ తరం వేళ్లలో అప్పటికే ఉన్న ఈ నడకను బెబాప్ స్కేల్ పేరుతో పాఠంగా కుదిర్చినవారు డేవిడ్ బేకర్. దవడ గాయంతో ట్రాంబోన్ వదిలి చెల్లో పట్టిన మనిషి. ఈ విశ్వవిద్యాలయంలో 1968లో జాజ్ చదువు మొదలైంది ఆయన చేతుల మీదుగానే. జాజ్ పుట్టుకతో రావాలే గానీ నేర్పితే రాదనేవాళ్లు ఈ గదిలో ఒక పూట కూర్చోవాలి.

తర్వాత రచన పాఠం. పాత పాట కార్డులు అలాగే ఉంచి కొత్త వరుస కట్టుకురావాలి. 'హౌ హై ద మూన్' కార్డుల మీద 'ఆర్నిథాలజీ' పుట్టింది అలాగే. ఒక విద్యార్థి తన వరుస వినిపిస్తున్నాడు. ప్రతి బారూ కిక్కిరిసి ఉంది. మాస్టారు పెన్సిల్‌తో రెండు బార్లు కొట్టేశారు. మళ్లీ వాయిస్తే ఆ ఖాళీలోకి డ్రమ్స్ వచ్చాయి, పాట లేచి నడిచింది. సోలోలో వాయించేసిన స్వరాన్ని వెనక్కి తీసుకోలేం. కాగితం మీద తీసుకోవచ్చు. ఏది తీసేయాలో ఇక్కడ తెలిశాకే సోలోలో ఆగడం వస్తుంది.

1945 నాటి 'నౌస్ ద టైమ్' రికార్డు మూడు నిమిషాల చిల్లర. తాళం వేస్తూ వినండి. పార్కర్ ఏ స్వరాన్ని దెబ్బ మీద పెడుతున్నాడో పట్టుకుని, గొంతెత్తి పాడండి.