సితారా ముందు పడిన నీడ

ఆస్మాన్‌లో ఎన్నో సితారాల పేర్లు అరబీవే. అవి వింటే నాకూ ఫఖ్ర్‌గానే ఉంటుంది. కానీ పేరు దగ్గరే ఆగిపోతే ఇల్మ్ మనదాకా రాదు. ఆ పేర్లలో ఒకదాని వెనకాల మంచి కహానీ ఉంది. ఈరోజు అది చెబుతాను.

ఆ సితారా పేరు అల్గోల్. 'రాసుల్ గూల్' నుంచి వచ్చింది, అంటే భూతం తల. మామూలుగా బాగా వెలిగే ఈ సితారా ప్రతి 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి మసకబారుతుంది. రౌష్నీ దాదాపు మూడో వంతుకు పడిపోయి, కొన్ని గంటల్లో మళ్ళీ మామూలవుతుంది. ఎందుకిలా?

1783లో ఇంగ్లండ్‌లోని యార్క్ నగరంలో జాన్ గుడ్రిక్ అనే కుర్రాడు దీనికి ఒక జవాబు ఇచ్చాడు. అప్పటికి అతని వయసు 18. చెవులు వినపడవు. రాత్రుల తరబడి సబర్‌తో అల్గోల్‌ను గమనించి, వేళలు రాసుకున్నాడు. చీకటి గోళమేదో దాని చుట్టూ తిరుగుతూ మధ్యలో అడ్డం వస్తోందేమో అన్నాడు. అడ్డం వచ్చేది మరో మసక సితారా అని తర్వాత తేలింది. కనపడని వస్తువును దాని నీడ బట్టి పట్టుకోవచ్చన్న ఖయాల్ మాత్రం అక్కడే గట్టిపడింది.

మన సూరజ్ ముందు కూడా ఇలాంటి నీడ పడుతుంది. 1874 డిసెంబర్ 9న జొహ్రా, అంటే శుక్రగ్రహం, సూర్యబింబం మీదుగా చిన్న నల్లచుక్కలా నడిచింది. మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి ఆ విశేషాన్ని జనానికి వివరిస్తూ ముందుగానే ఒక కితాబ్ రాశారు. అది ఉర్దూతో సహా పలు భాషల్లో వచ్చింది. ఇల్మ్ అందరి జబాన్‌లో అందాలనుకున్న ఆ మనిషి మీద నాకు ఎంతో ఎహ్తెరామ్.

ఇక దూరపు సితారాల సంగతి. గ్రహం వెడల్పు సితారా వెడల్పులో పదో వంతు ఉంటే, అది అడ్డం వచ్చినప్పుడు ఆగేది నూరో వంతు రౌష్నీయే. ముష్తరీ (గురుగ్రహం), సూరజ్‌ల లెక్క ఇంచుమించు ఇదే. మన జమీన్ అయితే పదివేలలో ఒక వంతు కూడా ఆపలేదు. 1952లోనే ఆటో స్ట్రూవ్ అనే సైంటిస్టు, పెద్ద గ్రహాలు సితారాలకు చాలా దగ్గరగా తిరుగుతూ ఉండొచ్చు, ఈ తరీఖాతో వాటిని వెతకొచ్చు అని రాశారు. దశాబ్దాల పాటు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

1995లో మేయర్, కెలోజ్ ఇద్దరూ సూరజ్‌లాంటి సితారా చుట్టూ మొదటి గ్రహాన్ని కనుగొన్నారు. సితారా అటూ ఇటూ కాస్త ఊగడమే వాళ్ళకు దొరికిన సబూత్. కొందరికి షక్ మిగిలింది: అది గ్రహం లాగడం వల్లేనా, సితారా తనంతట తాను ఉబ్బి తగ్గుతోందా?

ఫైసలా 1999లో వచ్చింది. పెగాసస్ రాశిలోని హెచ్‌డి 209458 కూడా అలాగే ఊగుతోందని తేలింది. డేవిడ్ షార్బొనో అనే విద్యార్థి, టిమ్ బ్రౌన్‌తో కలిసి 10 సెంటీమీటర్ల చిన్న దూర్బీన్‌ను దాని వైపు తిప్పాడు. సెప్టెంబర్ 9 రాత్రి సితారా వెలుగు నూటికి ఒకటిన్నర వంతుకు పైగా తగ్గింది. వారం తర్వాత మళ్ళీ తగ్గింది. నవంబర్ 7న గ్రెగ్ హెన్రీ వేరే దూర్బీన్‌తో అదే నీడను విడిగా చూశారు. వేర్వేరు చోట్ల నుంచి ఇద్దరు గవాహ్‌లు, ఒకటే గవాహీ. షక్‌కు ఇక జాగా లేకపోయింది.

ఊగడం బట్టి గ్రహం బరువు, నీడ బట్టి సైజు. రెండూ కలిస్తే అది రాయా, వాయువా అన్నది చెప్పొచ్చు. హెచ్‌డి 209458 చుట్టూ తిరిగేది ముష్తరీ కన్నా తేలిక, కానీ వెడల్పు ఎక్కువ. అంటే అది వాయుగోళం. తర్వాత హబుల్ దూర్బీన్ దాని హవాలో సోడియంను కూడా గుర్తించింది. ఇదంతా సాధ్యమైంది ఆ సితారా దగ్గరగా, రౌషన్‌గా ఉండబట్టే. మసక సితారాలైతే నీడ దొరికినా ఈ తహఖీఖ్ చేయడం చాలా ముష్కిల్. అందుకే 2018లో నాసా పంపిన టెస్ ఉపగ్రహం ముఖ్యంగా దగ్గరి, ప్రకాశవంతమైన సితారాలనే వెతుకుతోంది. అది మొదట కనుగొన్న వాటిలో ఒకటి పై మెన్సే అనే సితారా చుట్టూ 6 రోజులకోసారి తిరిగే గ్రహం. ఆ సితారా మనకు 60 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది.

నన్ను అన్నిటికన్నా హైరాన్ చేసింది ఇంకొకటి. హెచ్‌డి 209458 మీద పడిన నీడ 1990ల మొదట్లోనే హిప్పార్కస్ ఉపగ్రహం రికార్డుల్లో నమోదై ఉంది. 1999 తర్వాత పాత దఫ్తరాలు తిరగేస్తే బయటపడింది. అన్నేళ్ళూ సబూత్ అక్కడే ఉంది, వెతికినవాళ్ళే లేరు.

డిసెంబర్, జనవరి సాయంత్రాల్లో డాబా ఎక్కి ఉత్తరం వైపు బాగా ఎత్తున చూస్తే అల్గోల్ కనిపిస్తుంది. పిల్లలకు దాని పేరు ఒక్కటే చెప్పి ఊరుకోకండి. రోజూ చూసి, ఎప్పుడు మసకబారిందో ఒక నోటుబుక్కులో రాయమనండి.